డెరిక్ రోజ్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ ఇవ్వాలా? ఒక్క ఎంవీపీ సీజన్ సరిపోతుందా?

చికాగో_చందు:
బాస్కెట్‌బాల్ ఆటగాడు రోజ్ 2024 సెప్టెంబరులో ఆట మానేశాడు. ఆ తర్వాత చికాగో బుల్స్ వాళ్లు అతని 1వ నంబరు జెర్సీ ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించారు. ఆ జట్టులో ఇంతకుముందు ఈ గౌరవం దక్కింది జెర్రీ స్లోన్, బాబ్ లవ్, జోర్డాన్, పిప్పెన్‌లకు మాత్రమే. ఇక మిగిలింది బాస్కెట్‌బాల్ దిగ్గజాల్ని చేర్చుకునే స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్. నా మాట: ఇవ్వాలి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) గెలిచి, హాల్‌కి అర్హత వచ్చాక కూడా బయటే ఉండిపోయిన ఆటగాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు. ఆ మొదటివాడు రోజే ఎందుకు కావాలి?

కొత్తగా చూస్తున్న కుర్రాళ్ల కోసం నాలుగు ముక్కలు. పుట్టింది చికాగోలోనే, ఎంగిల్‌వుడ్‌లో. సిమియన్ హైస్కూల్‌కి వరసగా రెండు రాష్ట్ర టైటిళ్లు తెచ్చాడు. కొత్త ఆటగాళ్లని జట్లు ఎంచుకునే వరసని తేల్చే 2008 డ్రాఫ్ట్ లాటరీలో మొదటి పిక్ దక్కే అవకాశం బుల్స్‌కి 1.7 శాతమే. అదే తగిలింది, ఊరి పిల్లాడే ఊరి జట్టుకొచ్చాడు. మొదటి ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్ (కొత్త ఆటగాళ్లలో ఉత్తముడు). బోస్టన్ మీద తన మొట్టమొదటి ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మ్యాచ్‌లో 36 పాయింట్లు కొట్టి, కరీమ్ అబ్దుల్ జబ్బార్ పేరు మీదున్న రికార్డుని అందుకున్నాడు. 2011లో 22 ఏళ్లకే ఎంవీపీ. అంతకుముందు అందరికంటే చిన్న వయసులో అది గెలిచిన వెస్ అన్‌సెల్డ్‌కి అప్పుడు 23.

లెక్కల_మాస్టారు:
చందు గారూ, "ఇప్పటిదాకా ఎవరూ బయట లేరు" అన్నది వాదన కాదండీ, ఆనవాయితీ. ఆనవాయితీ ఎందుకొచ్చిందో చూడాలి. మిగతా ఎంవీపీలందరికీ ఆ ట్రోఫీ పక్కన ఇంకేదో ఉంది. రోజ్‌కి ఏముంది? మూడే ఆల్‌స్టార్‌లు, అన్నీ 2012 లోపే. ఆల్ ఎన్‌బీఏ జట్టులో (ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితా) చోటు ఒక్కసారి. ఫైనల్స్ మొహం చూడలేదు. కెరీర్ మొత్తం 723 మ్యాచ్‌లు, సగటు 17.4 పాయింట్లు, 5.2 అసిస్టులు. ఈ అంకెల పైన పేరు తీసేసి కమిటీ ముందు పెట్టండి, రెండో నిమిషంలో కాగితం పక్కకి పోతుంది.

బెజవాడ_బంతి:
పేరు తీసేస్తే ఆట ఎక్కడుంది మాస్టారూ? 2010-11 గుర్తు తెచ్చుకోండి. కార్లోస్ బూజర్ ఆడింది 59 మ్యాచ్‌లు, జోకిమ్ నోవా ఆడింది 48. జట్టులో పెద్దవాళ్లిద్దరూ ఇలా వస్తూ పోతూ ఉంటే రోజ్ 81 ఆడాడు. సగటున 25 పాయింట్లు, 7.7 అసిస్టులు. బుల్స్ 62 గెలిచి లీగ్‌లోనే పైన నిలబడింది. జోర్డాన్ వెళ్లిపోయాక ఆ ఊళ్లో అలాంటి సీజన్ రాలేదు.

హీట్_హరి:
ఆ ఎంవీపీ లెబ్రాన్‌ది. క్లీవ్‌లాండ్ వదిలి మయామీ హీట్‌కి వెళ్లాడన్న కోపంతో ఓటర్లు రోజ్‌కిచ్చారు. అంతే.

బెజవాడ_బంతి:
వచ్చాడండీ హరి. మొత్తం 121 మొదటి స్థానం ఓట్లలో 113 రోజ్‌వి. రెండో స్థానం కూడా లెబ్రాన్‌ది కాదు, డ్వైట్ హోవార్డ్‌ది. కోపమే కారణమైతే ఇంత తేడా వస్తుందా తమ్ముడూ?

హీట్_హరి:
ఓట్లు వదిలెయ్ అన్నా, కోర్టులో తేలింది కదా. ఈస్ట్ ఫైనల్స్‌లో మయామీ 4-1తో బుల్స్‌ని ఓడించింది. ఆఖరి మ్యాచ్‌లో మూడు నిమిషాల పైచిలుకు మిగిలుండగా బుల్స్ 12 పాయింట్లు ముందుంది. సొంత ఊళ్లో. అక్కణ్నుంచి 83-80తో ఓడిపోయారు. చివర్లో రోజ్‌ని కాసింది లెబ్రాన్, ఆఖరి షాట్ బ్లాక్ చేసిందీ లెబ్రానే.

లెక్కల_మాస్టారు:
హరి కోపం కథని నేను పూర్తిగా కొట్టిపారేయను గానీ, ఎంవీపీ రెగ్యులర్ సీజన్‌కి ఇచ్చేది కాబట్టి ఆ సిరీస్‌ని దానికి సాక్ష్యంగా తేవడం కుదరదు. నా అభ్యంతరం వేరు. ఆ బుల్స్ గెలిచింది ముఖ్యంగా డిఫెన్స్ వల్ల. కోచ్ థిబడో మొదటి ఏడాదిలోనే కోచ్ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు, ఊరికే ఇచ్చారా? 2012-13లో రోజ్ ఒక్క మ్యాచ్ ఆడకపోయినా ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. నేట్ రాబిన్సన్, నోవా వీళ్లతోనే బ్రూక్లిన్‌ని ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఓడించింది.

చికాగో_చందు:
ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, నిజమే. 45 గెలిచింది. 62కీ 45కీ మధ్య ఉన్న ఆ 17 ఎవరివి మాస్టారూ? డిఫెన్స్ రెండేళ్లూ ఉంది. లేనిది చివరి ఐదు నిమిషాల్లో బంతి పట్టుకుని ముగ్గురి మధ్యలోంచి దూరే మనిషి.

పాత_అభిమాని:
నేను కొంచెం పక్కకి లాగుతా, ఏమనుకోకండి. ఇక్కడ అందరూ 2011 గురించి కొట్టుకుంటున్నారు. రోజ్ కేసు తేలేది 2011లో కాదు, 2012 ఏప్రిల్ 28 తర్వాత.

ఫిలడెల్ఫియాతో మొదటి రౌండ్, మొదటి మ్యాచ్. బుల్స్ 12 పాయింట్ల ఆధిక్యంలో ఉంది, ఆటలో నిమిషంన్నర కూడా మిగల్లేదు. రోజ్ అప్పటికి 23 పాయింట్లు, 9 రీబౌండ్లు, 9 అసిస్టులు. లోపలికి డ్రైవ్ చేసి రెండు కాళ్ల మీద ఆగి ఎగరబోయాడు, ఎడమ మోకాలి ఏసీఎల్ (కీలుని పట్టి ఉంచే లిగమెంట్) తెగింది. టాప్ సీడ్‌గా ఉన్న జట్టు ఎనిమిదో సీడ్ చేతిలో 4-2తో ఇంటికెళ్లింది. గెలిచిన మ్యాచ్‌లో అతన్ని ఎందుకు ఉంచాడని థిబడోని ఇప్పటికీ తిడతారు. నేనూ తిట్టాను.

ఫిజియో_పద్మ:
పాత_అభిమాని గారూ, ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని కోచ్‌ని ఉరితీయడం నాకు మొదటి నుంచీ నచ్చదు. ఆ సీజన్ ఎలా నడిచిందో చూడండి. లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక ఆట ఆగిపోవడం) వల్ల ఆట డిసెంబరు 25న మొదలై, 82 బదులు 66 మ్యాచ్‌లని నాలుగు నెలల్లో కుక్కేశారు. వరసగా మూడు రాత్రులు మూడు మ్యాచ్‌లు ఆడిన జట్లున్నాయి. అందులో రోజ్ ఆడింది 39. బొటనవేలు, నడుము, గజ్జలు, చీలమండ, ఒకటి మానేలోపు ఇంకొకటి. ఇలాంటప్పుడు మనిషి తెలియకుండానే నొప్పి ఉన్న చోటు నుంచి బరువు పక్కకి నెడతాడు. మా క్లినిక్‌కి వచ్చే కబడ్డీ, వాలీబాల్ పిల్లల్లో రోజూ చూసేదే. ఆ బరువు మోసేది ఇంకో కీలు.

దానికి తోడు అతని ఆట తీరు. పూర్తి వేగంలో వచ్చి రెండు పాదాల మీద టక్కున ఆగడం, అక్కణ్నుంచే పక్కకి తిరిగి పైకి లేవడం. చూడ్డానికి ఎంత బాగుంటుందో మోకాలికి అంత ఖర్చు. ఏసీఎల్ ఎక్కువగా తెగేది ఎవరో ఢీకొట్టినప్పుడు కాదు, ఇలా ఒంటరిగా ఆగినప్పుడు, దిగినప్పుడు, తిరిగినప్పుడే. అప్పుడు బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటే ఆ రోజు తెగేది కాదు, సరే. తర్వాతి వారం తెగేది కాదని ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి. 2013 నవంబరులో పోర్ట్‌లాండ్‌లో పోయింది కుడి మోకాలు, అదీ మెనిస్కస్ (కీలులోని మెత్తటి గుజ్జు ఎముక). ఎడమది కాదు. 2015లో మళ్లీ కుడిదే. "అదే మోకాలు మళ్లీ మళ్లీ" అని ఈ వేదికలో తరచూ రాస్తుంటారు, కాస్త సరిచేసుకోండి.

బెజవాడ_బంతి:
పద్మగారి పోస్టుని పైన పిన్ చెయ్యాలి అడ్మిన్ గారూ.

హీట్_హరి:
సానుభూతి ఓకే అక్కా. కానీ 2013లో డాక్టర్లు ఆడొచ్చన్నాక కూడా సూటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. జట్టేమో జ్వరాలతో, వాంతులతో ఆడుతోంది. తర్వాత 2014లో, నా కొడుకు గ్రాడ్యుయేషన్‌కి వెళ్లేటప్పుడు ఒళ్లు నొప్పులు ఉండకూడదు అన్నట్టు మాట్లాడాడు. ఐదేళ్లకి 9.5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద ఉన్నవాడు అనాల్సిన మాటేనా?

ఫిజియో_పద్మ:
అనాల్సిన మాటే. ఇప్పుడు పెద్ద ఆటగాళ్లు బాగానే ఉండి కూడా మ్యాచ్‌లు వదిలేస్తుంటే దానికి లోడ్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టారు. అది ఎంత ముదిరిందంటే, 65 మ్యాచ్‌లు ఆడకపోతే ఎంవీపీ ఇవ్వమని 2023-24 నుంచి లీగే నియమం పెట్టాల్సొచ్చింది. రోజ్ పదేళ్ల ముందు అన్నాడు, తిట్లు తిన్నాడు. డాక్టరు "ఎముక, నరం బాగున్నాయి" అనడం వేరు, ఆ కాలి మీద మళ్లీ గుడ్డిగా దూకే ధైర్యం రావడం వేరు. రెండోది ఏ స్కానింగ్‌లోనూ కనపడదు.

లెక్కల_మాస్టారు:
పద్మగారూ, మీరు చెప్పిన ప్రతి ముక్కా ఒప్పుకుంటాను, అయినా నా ఓటు మారదు. అతని తప్పు లేదన్నది ఒక ప్రశ్న, హాల్‌కి సరిపడా ఆడాడా అన్నది ఇంకో ప్రశ్న. వరదకి పోయిన పంటకి పరిహారం ఇస్తారు గానీ దిగుబడి లెక్కలో రాయరు కదా. బ్రాండన్ రాయ్ ఉన్నాడు, పోర్ట్‌లాండ్ గార్డు. రూకీ ఆఫ్ ద ఇయర్, మూడు ఆల్‌స్టార్‌లు, మోకాళ్లు అరిగిపోయి ఆగిపోయాడు. అతని కోసం ఇలా ఎవరూ పోరాడరే? రోజ్‌కీ రాయ్‌కీ మధ్య తేడా ఒక్క ట్రోఫీ.

చికాగో_చందు:
ఆ ఒక్క ట్రోఫీనే కదా మాస్టారూ తేడా! లీగ్‌లో ఒక ఏడాదిపాటు అందరికంటే పైన నిలబడ్డాడని అర్థం. బిల్ వాల్టన్ సంగతి చూడండి. పాదాలు విరిగి ఏళ్లకేళ్లు ఆటే లేదు, అయినా హాల్‌లో ఉన్నాడు.

లెక్కల_మాస్టారు:
వాల్టన్‌ని తెచ్చారు, మంచిది. 1977లో పోర్ట్‌లాండ్‌కి టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ. 1978లో ఎంవీపీ. 1986లో బోస్టన్‌తో ఇంకో టైటిల్, అదే ఏడు సిక్స్త్ మ్యాన్ అవార్డు (బెంచీ మీంచి వచ్చేవాళ్లలో ఉత్తముడికి). అంతకుముందు యూసీఎల్‌ఏలో రెండు కాలేజీ టైటిళ్లు. హాల్ ఎన్‌బీఏ వాళ్లది మాత్రమే కాదు, కాలేజీ ఆట కూడా లెక్కే. రోజ్ కాలేజీ లెక్క ఏమిటి? మెంఫిస్‌లో ఒక్క ఏడాది, 38 గెలుపులు, ఫైనల్లో కాన్సస్ చేతిలో ఓటమి. తర్వాత ప్రవేశ పరీక్ష వివాదంతో ఆ సీజన్ మొత్తాన్నే రికార్డుల్లోంచి కొట్టేశారు.

బెజవాడ_బంతి:
అంతర్జాతీయ ఆట కూడా లెక్కే కదా మరి? 2010లో టర్కీ, 2014లో స్పెయిన్, రెండు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో అమెరికాతో బంగారం. అవి మీ జాబితాలో ఎందుకు రాలేదు?

లెక్కల_మాస్టారు:
2014 అన్నారా? గాయాల నుంచి వచ్చి బెంచీ మీంచి ఆడాడు. పతకం పతకమే, కాదనను. దానితో కేసు గెలవదు.

పాత_అభిమాని:
నేను అనబోయింది ఇదీ. 2012 తర్వాతి పన్నెండేళ్లని మీరిద్దరూ ఖాళీ కాగితంలా చూస్తున్నారు. చందు దాన్ని దాటేస్తున్నాడు, మాస్టారు గారు దాన్ని తక్కువ మార్కుల కింద వేస్తున్నారు. నా దృష్టిలో అతని కేసులో బలమైన భాగం అదే.

2015లో క్లీవ్‌లాండ్ మీద ఆఖరి క్షణంలో బోర్డుకి తగిలించి వేసిన మూడు పాయింట్ల షాట్ అందరికీ తెలుసు. దాని తర్వాతి ఏడాది బుల్స్ అతన్ని న్యూయార్క్‌కి పంపేసింది. అక్కణ్నుంచి క్లీవ్‌లాండ్, అక్కడ మధ్యలో జట్టు వదిలి ఇంటికెళ్లిపోయాడు, ఆట మానేస్తాడనుకున్నాం. 2018 ఫిబ్రవరిలో ట్రేడ్‌లో యూటాకి వెళ్తే వాళ్లు ఒక్క మ్యాచ్ ఆడించకుండా వదిలేశారు. థిబడోయే మిన్నెసోటాకి పిలిచాడు. 2018 అక్టోబరు 31న, అదే యూటా మీద, 50 పాయింట్లు. ఆఖర్లో వాళ్ల షాట్ బ్లాక్ చేసి 128-125తో గెలిపించాడు కూడా. కెరీర్‌లో అత్యధికం ఎంవీపీ ఏడాదిలో రాలేదు, ఇదిగో ఇక్కడ వచ్చింది.

అంతకంటే నాకు ముఖ్యమైంది, అతను ఆట మార్చుకున్నాడు. గాల్లో తేలే ఆట పోయింది. దగ్గర్నుంచి బంతిని మెల్లగా పైకి తేల్చే ఫ్లోటర్, బోర్డుని వాడుకునే షాట్, బెంచీ మీంచి వచ్చి రెండో జట్టుని నడపడం. 2021లో న్యూయార్క్ ఎనిమిదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. అట్లాంటా మీద ఆ సిరీస్‌లో 32 ఏళ్ల రోజ్ సగటు 19.4, ఆ జట్టులో అందరికంటే ఎక్కువ. ఎంవీపీ అయినవాడు అహం చంపుకుని బెంచీ మీద కూర్చోవడానికి ఒప్పుకోవడం మాటలు కాదు. ఆ పని చేయలేక లీగ్‌కి దూరమైన పెద్ద పేర్లు మీకే తెలుసు.

హీట్_హరి:
2021 అంటే గుర్తొచ్చింది, ఆ ఏడాది అభిమానుల ఓటు మొత్తం కలిపి ఒక్క ఓటుగా లెక్కేస్తే అది ఆ ఏడాది ఎంవీపీ అయిన యోకిచ్‌కి కాకుండా రోజ్‌కి మొదటి స్థానం ఓటుగా వెళ్లింది 😂 ఎంవీపీ రేసులో బెంచీ ఆటగాడు! ఇదీ మీ అభిమానుల తీరు. హాల్ ఓటు కూడా వీళ్ల చేతికిస్తే ఇక అయినట్టే.

బెజవాడ_బంతి:
నవ్వుకో తమ్ముడూ. సగటు 15 కూడా లేని ఆటగాడికి జనం అంత ఓటు వేశారంటే దానికీ ఓ కారణం ఉంటుంది.

లెక్కల_మాస్టారు:
ఉంటుంది. దాన్నే అభిమానం అంటారు. పాత_అభిమాని గారి పోస్టు ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో నన్ను కాస్త కదిపింది, ఎందుకంటే సానుభూతి అడక్కుండా ఆట గురించి మాట్లాడారు. అయినా బెంచీ మీంచి బాగా ఆడిన సీజన్లతో హాల్‌కి వెళ్లాలంటే జమాల్ క్రాఫోర్డ్ ముందుండాలి, మూడు సిక్స్త్ మ్యాన్ అవార్డులు. రోజ్‌కి ఒక్కటీ రాలేదు.

చికాగో_చందు:
క్రాఫోర్డ్‌కి ఎంవీపీ లేదు. వాల్టన్‌కి ఉన్నట్టు టైటిళ్లు రోజ్‌కి లేవు. రాయ్‌కి రెండూ లేవు. మీరు రోజ్‌ని ఒక్కో ముక్కగా కోసి, ఒక్కో ముక్కనీ అందులో మొనగాడితో పోలుస్తున్నారు మాస్టారూ. 22 ఏళ్లకి ఎంవీపీ, నాలుగు మోకాలి సర్జరీలు, 30 ఏళ్లకి 50 పాయింట్లు, ఇవన్నీ ఒకే మనిషి జాతకంలో ఉన్నాయి. అలాంటి ఇంకో గార్డుని చూపించండి, నా ఓటు వెనక్కి తీసుకుంటా.

లెక్కల_మాస్టారు:
చూపించలేను. చూపించాల్సిన పని నాది కాదు కూడా. హాల్ చివరి కమిటీలో 24 మంది, కావాల్సింది 18 ఓట్లు. ఆ 18 మందీ వేస్తారనే నా అనుమానం, మీరన్న ఆనవాయితీ వల్లే. వేసిన రోజు బ్రాండన్ రాయ్ పేరుతో ఇక్కడే కొత్త చర్చ తెరుస్తాను, అప్పుడు మీరందరూ వచ్చి ఇదే ఊపుతో వాదించాలి.

ఫిజియో_పద్మ:
తెరవండి మాస్టారూ. రాయ్ మోకాళ్ల గురించి నా దగ్గర ఇంకా పెద్ద పోస్టు ఉంది.