బ్రెయిన్ ట్రైనింగ్ ట్రయల్స్: కంట్రోల్ గ్రూపుకి ఏం ఇవ్వాలి?

పాతకాపు:
కంప్యూటర్ ఆటలతో మెదడుకి పదును పెట్టే ట్రయల్స్ చదివినప్పుడల్లా నాకు ఒక్కచోటే మండుతుంది. శిక్షణ గ్రూపు వారాల తరబడి ఆడుతుంది, పోల్చి చూడ్డానికి పెట్టిన కంట్రోల్ గ్రూపు ఊరికే ఇంట్లో కూర్చుంటుంది. చివర్లో మార్కులు పెరిగితే అది ఆట మహిమా, తమని ఎవరో పట్టించుకున్నారన్న ఉత్సాహమా? కంట్రోల్ వాళ్ళకీ ఓ ఆట ఇవ్వని ట్రయల్ నాకు లెక్కే కాదు.

విమల:
అయితే అమెరికాలో పెద్దవయసువాళ్ళ మీద చేసిన ‘యాక్టివ్’ (ACTIVE) అనే ట్రయల్ కూడా చెత్తబుట్టలోకేనా? 65 దాటిన 2,800 మందికి పైగా పాల్గొన్నారు, పదేళ్ళు గమనించారు. కంట్రోల్‌కి ఏమీ ఇవ్వని మాట నిజమే. కానీ జ్ఞాపకం, తర్కం, వేగం అని మూడు రకాల శిక్షణలు పెడితే ఎవరు దేంట్లో శిక్షణ పొందారో దాంట్లోనే మెరుగయ్యారు. ఉత్సాహమే కారణమైతే అన్నిట్లోనూ పెరగాలి కదండీ?

పాతకాపు:
వేగం శిక్షణతో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు 29 శాతం తగ్గిందని 2017లో చెప్పింది మాత్రం ఆ ఏమీ ఇవ్వని గ్రూపుతో పోల్చే.

చిట్టిబుర్ర:
మెదడు ఆటలమ్మే లుమోసిటీ కంపెనీ వాళ్ళు తప్పుదోవ పట్టించే ప్రకటనల కేసులో 2016లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీకి 20 లక్షల డాలర్లు కట్టారు, గుర్తుందా 😀

విమల:
అది ప్రకటనల కేసు. ఇక్కడ దాని గొడవెందుకు?

గళ్ళనుడి:
స్ట్రోక్ తర్వాత మా అమ్మని ఇలాంటి ట్రయల్‌లోనే చేర్చాం. నెలల తరబడి పదాల ఆట ఆడించి, చివర్లో మీది కంట్రోల్ గ్రూపు అన్నారు. పాతకాపు గారికి కావాల్సిన ఆట అదే. ఆవిడ ఆశ పెట్టుకుని ఆడిందండీ, మీకు అది ఉత్త డేటా.

పాతకాపు:
మీ బాధ వేరు, నా ప్రశ్న వేరు. 2016లోనే ఒక అధ్యయనంలో, మెదడు పదునెక్కుతుందని ఆశపెట్టే కరపత్రం చూసి వచ్చినవాళ్ళకి గంట శిక్షణతోనే ఐక్యూ మార్కులు పెరిగాయి, మామూలు కరపత్రం చూసి వచ్చినవాళ్ళకి పెరగలేదు. ఆశ అంత పని చేస్తుంది. అందుకే ఆట ఇవ్వాలంటున్నా.

విమల:
ఇస్తే సరిపోతుందా? తమది ఉత్తుత్తి ఆట అని పసిగట్టినవాళ్ళకి ఆ ఆశ ఉండదుగా. ఎంత మెరుగవుతామనుకుంటున్నారని రెండు గ్రూపులనీ అడగాలి, చాలా ట్రయల్స్‌లో అదే అడగరు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవని సమస్య) ఉన్న పిల్లలకి చికిత్సగా చేసిన వీడియో గేమ్ ట్రయల్ చూడండి. 348 మంది, కంట్రోల్‌కి పదాల ఆట, అంతా మీరు కోరినట్టే. కంప్యూటర్ పరీక్షలో శ్రద్ధ పెరిగింది. తల్లిదండ్రుల రేటింగుల్లో మాత్రం రెండు గ్రూపులకీ తేడా లేదు. అయినా 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ గేమ్‌ని ఒప్పుకుంది. అసలు పేచీ కంట్రోల్ దగ్గర లేదండీ, దేన్ని కొలుస్తున్నామన్న దగ్గర ఉంది.

గళ్ళనుడి:
అదే నేను చెప్పేది! అమ్మకి వాళ్ళ పరీక్షలో మార్కులు పెరిగాయి. మాట తడుముకోవడం తగ్గిందా అని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు.

పాతకాపు:
అడిగినా, మేలు జరగాలని కోరుకునే ఇంట్లోవాళ్ళ మాటని సాక్ష్యం అంటారా?

విమల:
ఏ గ్రూపో తెలియని మనిషితో పరీక్ష పెట్టించండి. మందులు సరిగ్గా సర్దుకోగలరా, బిల్లు సరిచూసుకోగలరా అని. ఏది కొలుస్తారో ముందే రిజిస్టర్ చేయమనండి.

పాతకాపు:
చేయమనండి, నాకేం అభ్యంతరం. కంట్రోల్ గ్రూపుకి మాత్రం ఆట ఇవ్వాల్సిందే.