పిల్లల కార్యక్రమాల వ్యాఖ్యాతలు ఎవరు గుర్తున్నారు? (విజయవాడ, గుంటూరు)

ప్రశ్న: అరండల్‌పేట, గుంటూరు

మొన్న టీవీలో పిల్లల డాన్సు పోటీ వస్తుంటే, ఆ యాంకరు స్టేజీ మీది పిల్లలతో తప్ప ఇంట్లో కూర్చున్న తనతో ఎందుకు మాట్లాడదని మా అమ్మాయి అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మా చిన్నతనంలో రేడియోలోనైనా, టీవీలోనైనా పిల్లల కార్యక్రమం నడిపే అక్కయ్యో మామయ్యో "పిల్లలూ" అని పిలిస్తే, ఆ పిలుపు మనకే అనుకుని ఇంట్లోంచి పలికేవాళ్లం. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైనా మన ఇళ్లలోకి బొమ్మ రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది కనుక, ఒక్కో వయసు వారికి ఒక్కో గొంతు గుర్తుండి ఉంటుంది. పేర్ల జాబితా కన్నా, వారు పిల్లలతో మాట్లాడిన తీరు ఎలా ఉండేదో రాయగలరా?

జవాబు: సత్యనారాయణపురం, విజయవాడ

మేము ఎదిగే నాటికి టీవీ లేదు కాబట్టి నేను రేడియోతోనే మొదలుపెట్టాలి. తెలుగులో దీనికి ఒరవడి పెట్టినవారు న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. ముందు మద్రాసు నుంచి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు నుంచి పిల్లల కార్యక్రమాలు నడిపిన ఆ దంపతులను ఊరూవాడా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచింది. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించి, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. ముళ్లపూడి వెంకటరమణ గారి తొలి కథ అచ్చయింది అందులోనే.

మన విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అరవైల చివర్లో మా బడి పిల్లలను కొందరిని బందరు రోడ్డులోని పున్నమ్మతోటలో ఉన్న ఆ కేంద్రానికి, పిల్లల కార్యక్రమం కోసం తీసుకువెళ్లారు. స్టూడియో తలుపు మూయగానే బయటి చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, చెవులు దిబ్బడ వేసినట్టయింది. కాగితం గరగర మైకులో పెద్దగా వినిపిస్తుందని, చదివిన కాగితాన్ని తిప్పకుండా మెల్లగా పక్కకు జరపాలని అక్కడ కార్యక్రమం నడిపే అక్కయ్య గారు ముందే నేర్పారు. ఎర్ర దీపం వెలిగాక ఎవరి వంతు వస్తే వారి భుజం తట్టేవారు. మాలో ఒక పిల్లవాడు పద్యం రెండో పాదం దగ్గర ఆగిపోయి బిక్కముఖం వేస్తే, ఆవిడ ఏమాత్రం తొట్రుపడకుండా, "ఇంట్లో వింటున్న పిల్లలూ, తర్వాతి పాదం మీలో ఎవరికి వచ్చు?" అని అడిగి, ఒక్క క్షణం ఆగి, తానే అందుకున్నారు. వాడి పరువూ దక్కింది, వినేవారికీ పని దొరికింది. మీ అమ్మాయి అడుగుతున్నది ఇటువంటి పలకరింపునే అనుకుంటాను.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

పై అభిప్రాయంతో నేను సగమే ఏకీభవిస్తాను. మాది కేబుల్ వచ్చాక పెరిగిన వయసు; ఈటీవీలో 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు మాట్లాడింది వేదిక మీద పాడేవారితోనే అయినా, ప్రతి మాటా మా ఇంటి వరండా దాకా వచ్చేది. పాటకు ముందు సినిమా ఏది, రాసింది ఎవరు, బాణీ కట్టింది ఎవరు, మొదట పాడింది ఎవరు అన్న ప్రస్తావన వచ్చేది. స్టేజీ మీదివారి కంటే ముందే చెప్పేయాలని మేమూ, మా పెదనాన్న గారి పిల్లలూ కొట్టుకుచచ్చేవాళ్లం. ఎవరైనా శ, ష, స కలిపేసినా, ఒత్తు మింగేసినా ఆయన ఊరుకునేవారు కారు; "నాన్నా" అంటూనే తాను పలికి చూపించి, మళ్లీ పలికించేవారు. మేమూ ఇంట్లో పలికేవాళ్లం. మా తెలుగు మాస్టారు బెత్తంతో సాధించలేనిది అలా జరిగిపోయింది.

కాబట్టి పోటీ పెట్టడం తప్పు కాదు. ఎలిమినేషన్ చెప్పేముందు సంగీతం సాగదీసి, పిల్లవాడి కన్నీళ్లను అంత దగ్గరగా చూపించడమే నాకు కిట్టదు. ఆ సమయంలో యాంకరు మాట్లాడేది పిల్లలతో కాదు, పెద్దలతో.

జవాబు: గవర్నర్‌పేట, విజయవాడ

ఉచ్చారణ బాగున్నవారికి రేడియో మైకు, గొంతు బాగున్నవారికి టీవీ స్టేజీ దక్కాయి, సంతోషం. ఏ విద్యా లేని మాబోటివారికి దిక్కు తొంభైల చివర్లో లోకల్ కేబుల్ ఛానల్లో సాయంత్రం ఫోన్ ఇన్ కార్యక్రమం నడిపిన అక్క. వెనక ఒక పూల తెర, ముందు ఒక బల్ల, దాని మీద ఫోను. అంతకు మించి ఖర్చు కనబడేది కాదు. లైను కలవగానే ఆవిడ మొదటి మాట ఎప్పుడూ "టీవీ సౌండు తగ్గించు కన్నా" అనే. మాకు ఆ బాధ లేదు, ఎందుకంటే టీవీ మా ఇంట్లో, ఫోను పక్కింట్లో. మా తమ్ముడు ప్రహరీ గోడెక్కి, కిటికీలోంచి మా టీవీ చూస్తూ, "నవ్వుతోంది, నీ మాటకే నవ్వుతోంది" అని నాకు కేకలు వేసి చెప్పేవాడు. ఆవిడ పాడమని అడగలేదు, ప్రశ్నలు వేసి మార్కులు వేయలేదు. ఏ వీధి, ఏ బడి, పరీక్షలు అయ్యాయా, దసరాకు కొండెక్కారా అని అడిగేవారు. పుట్టినరోజుకు ఫోటో ఇస్తే పేరు చదివి, ఆ పేరుతోనే పలకరించేవారు. మా తమ్ముడి పేరు తప్పు చదివితే వాడు రెండు రోజులు అన్నం దగ్గర అలిగాడు.

ఒక సాయంత్రం ఆ వేళకు సినిమా పాటలు వచ్చాయి. అంతే, మరి ఆవిడ కనబడలేదు, ఎందుకని ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు: అరండల్‌పేట, గుంటూరు

అందరికీ ధన్యవాదాలు. యూట్యూబులో దొరికిన పాత 'పాడుతా తీయగా' భాగమొకటి మా అమ్మాయికి పెట్టాను. పాట రాసినవారి పేరు చెప్పేలోగా వీడియో ఆపేసి నన్ను అడిగింది. నాకు తెలియలేదు, మా నాన్నగారు చెప్పారు. గవర్నర్‌పేట వారు వర్ణించినలాంటి కార్యక్రమం గుంటూరులోనూ చూసినవారుంటే రాయండి. సత్యనారాయణపురం వారిని ఒక మాట అడగాలి: ఇప్పుడు రేడియో కేంద్రంలో పిల్లల కార్యక్రమానికి పంపాలంటే బడి తరఫున ఉత్తరం రాయాలా, మేమే నేరుగా వెళ్లి అడగవచ్చా?