‘కొండలమీద కౌజుపిట్టను తరిమినట్టు’: ఇంతకీ ఏ పిట్ట?

నరసరావుపేట నుంచి:

అందరికీ నమస్కారం. మా చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠం చెబుతుంటాను. ఈసారి సమూయేలు మొదటి గ్రంథం, 26వ అధ్యాయం. సౌలు రాజు 3,000 మందిని వెంటేసుకుని జీఫు అడవిలో దావీదు కోసం గాలిస్తుంటాడు. రాత్రి అందరూ ఆదమరిచి నిద్రపోతుంటే దావీదు వచ్చి, రాజు తల దగ్గరున్న ఈటె, నీళ్లబుడ్డి పట్టుకెళ్లి, అవతలి కొండెక్కి కేకేస్తాడు. 20వ వచనంలో ‘ఒకడు కొండలమీద కౌజుపిట్టను తరిమినట్టు’ నా వెంట పడ్డావేమిటి రాజా అని అడుగుతాడు.

ఇక్కడ ఒక పిల్లాడు అడ్డుపడ్డాడు. వాళ్ల బాబాయికి కౌజుపిట్టల ఫారం ఉంది. ‘దాన్ని తరమడం ఎందుకు సార్, బోనులో చెయ్యి పెడితే దొరుకుతుంది కదా’ అన్నాడు. క్లాసంతా నవ్వులే నవ్వులు. ‘పిచ్చుకపై బ్రహ్మాస్త్రం లాంటి మాటరా’ అని చెప్పి అప్పటికి దాటేశాను గానీ, నాకే తృప్తిగా లేదు. ఇక్కడ కౌజు అంటే ఏ పిట్ట? పెద్దలు చెప్పగలరు.

కర్నూలు నుంచి:

మాస్టారూ, ఆ పిల్లాడి ప్రశ్నలో తప్పేమీ లేదు, తెలుగు చేసినవాళ్ల మాటలోనూ లేదు. వాళ్లు రాసిన కౌజు వేరు, మీ పిల్లాడు చూసిన కౌజు వేరు.

పాత కౌజు మెట్ట పిట్ట. బూడిద, గోధుమ కలిసిన రంగు, ఒంటి నిండా సన్నటి అడ్డచారలు, అడుగు పొడవు, పావుకిలో పైమాట. హిందీలో తీతర్ అంటారే, అది. పక్క భాషలు చూడండి. కన్నడంలో కౌజుగ, గౌజల హక్కి అంటే ఇదే. తమిళంలో కౌదారి అన్నా ఇదే. మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉండి, నెల్లూరులో కూడా పనిచేసిన జెర్డన్ దొర 1862-64 మధ్య అచ్చువేసిన పక్షుల పుస్తకంలో ఈ పిట్టకు తెలుగు పేరు ‘కవుంజు’ అనే రాసుకున్నాడు. సంస్కృతంలో ఇది తిత్తిరి. యాజ్ఞవల్క్యుడు గురువు మీద అలిగి కక్కేసిన వేదాన్ని తోటి శిష్యులు తిత్తిరి పక్షులై ఏరుకున్నారని, అందుకే అది తైత్తిరీయమైందని కథ. మన ఊళ్లలో సంధ్యావందనం చేసేవాళ్లలో ఎక్కువమందిది ఆ శాఖే. తీతువు మాత్రం వేరే పిట్ట. రాత్రిపూట చెరువుగట్టున అరిస్తే అపశకునం అంటారే, అది. శబ్దం దగ్గరగా ఉంది కదా అని రెండింటినీ కలిపేస్తుంటారు.

మీ పిల్లాడు చూసింది జపాను క్వైలు. దానికి కౌజు అనే పేరు ఈమధ్య తగిలించిందే.

తెలుగు బైబిలు ఈ రెండింటినీ ఎక్కడా కలపలేదు. నిర్గమకాండం 16లో ఇశ్రాయేలీయుల పాలెం మీద సాయంత్రం వచ్చి వాలినవి పూరేళ్లు, అంటే క్వైళ్లు. సంఖ్యాకాండం 11లో సముద్రం మీదినుంచి గాలి తోలుకొచ్చినవీ పూరేళ్లే. అవి నిజంగానే ఏటా మధ్యధరా సముద్రం దాటి వెళ్లే పిట్టలు. అలసిపోయి గుంపులుగా ఒడ్డున పడితే జనం పోగేసుకునేవాళ్లు. దావీదు మాట దగ్గరికి వచ్చేసరికి పూరేడు పోయి కౌజు వచ్చింది. అక్కడ పూరేడు పెడితే వచనం చెడుతుంది. ఎందుకు చెడుతుందో నిఘంటువు చెప్పదు. వేట తెలిసినవాళ్లు చెప్పాలి. పల్నాడు వాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాచర్ల దగ్గర నుంచి:

ఉన్నాం గురువుగారూ. మా పెదనాన్న కౌజులు పట్టేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట తిరిగినవాణ్ణి కాబట్టి తెలిసింది రాస్తాను. ఇప్పుడు ఎవరూ ఆ పని పెట్టుకోకండి, కేసవుతుంది. 1972 చట్టం వచ్చిన కొత్తలో చిన్న వేటకు లైసెన్సు ఇచ్చేవారట, 1991 సవరణతో అదీ పోయింది.

పూరేడు మీరు తొక్కేదాకా కదలదు. పచ్చిగడ్డిలో, జొన్నకొయ్యల్లో అణిగి కూర్చుంటుంది. కాలికిందనుంచి బుర్రుమని లేచి, నాలుగు బారలు పోయి మళ్లీ పడుతుంది. దాన్ని పట్టాలంటే వల, రాత్రయితే దీపం. తరిమే పనే ఉండదు.

కౌజు అలాక్కాదు. మనిషిని దూరం నుంచే చూస్తుంది. తల ఎత్తి, మెడ నిక్కించి, ఒక్కసారిగా పరుగు. రేగుకంపలోంచి తంగేడు పొదకి, అక్కణ్ణుంచి గట్టు మీదికి. ఎగరదు. మీరు ఆగితే అదీ ఆగుతుంది. మీరు ఉరికితే అదీ ఉరుకుతుంది. మరీ మీద పడితే తప్ప రెక్క విప్పదు. విప్పినప్పుడు తోక విచ్చుకుని ఇటుకరంగు కనపడుతుంది. అది కనపడిందంటే ఇక ఆ పూటకు దాని మీద ఆశ వదులుకోవడమే. నేల మీద తిరిగే పిట్టే అయినా రాత్రి పడుకునేది మాత్రం తుమ్మచెట్టు మీద.

అందుకే మా పెదనాన్న తరిమేవాడు కాదు. దీమం పెట్టేవాడు. పెంచిన మగ కౌజును చిన్న బుట్టలో పెట్టి, తెల్లవారుజామున కంపచెట్టు పక్కన దింపి, చుట్టూ గుర్రపు తోక వెంట్రుకల ఉచ్చులు పాతేవాడు. ఉచ్చు చుట్టుకొలత మూడువేళ్లు పట్టేంత. వెంట్రుక మంచుకి తడిసి బిగుసుకుపోకుండా వేళ్లతో నిమురుతూ ఉండేవాడు. లోపలిది అరుస్తుంది. అడవి మగదానికి అది తన జాగా కదా, కోపం వస్తుంది. కాలికి ముల్లున్న పిట్ట, కొట్లాటకే వస్తుంది. బుట్ట చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఉచ్చులో కాలు పెడుతుంది. మేము గట్టు చాటున బోర్లా పడుకుని ఉండేవాళ్లం, దగ్గు వచ్చినా దగ్గకూడదు. నాకు ప్రతిసారీ అప్పుడే దగ్గు వచ్చేది.

నల్లగొండ నుంచి:

అన్నా, మా దిక్కు పూరేడును బుర్కపిట్ట అంటం. మీరు చెప్పిన బుర్రుమనే చప్పుడుకే ఆ పేరొచ్చిందేమో. చిన్నప్పుడు కందిచేన్లల్ల బాగుండేవి. ఇప్పుడు మార్కెట్ల అన్నిటికీ ఒకటే బోర్డు: కౌజుపిట్టలు.

కర్నూలు నుంచి:

దీమం అనే మాట ఎన్నేళ్ల తర్వాత విన్నానో! వేటకు వాడే పెంపుడు జంతువుకో, పిట్టకో పాత తెలుగులో ఉన్న మాట అదే. లేడికి దీమపు లేడి, కౌజుకు దీమపు కౌజు. ఇప్పుడు పేపర్లో ‘ఎర’ అని రాసేస్తున్నారు. ఎర అంటే తినేది. దీమం పిలిచేది.

ఆ పిలవడం దగ్గరే ఈ వచనం కిటుకంతా ఉంది. హీబ్రూలో ఈ పిట్ట పేరు ‘కోరే’. పిలిచేది, కేకేసేది అని అర్థం. ఇప్పుడు సీను ఊహించుకోండి. దావీదు కొండ మీద నిలబడి కేకేస్తున్నాడు. 14వ వచనంలో సేనాధిపతి అబ్నేరు నిద్రలేచి, ‘రాజును పిలుస్తున్న నువ్వెవడివి’ అంటాడు. అక్కడా అదే ధాతువు. ఆరు వచనాల తర్వాత దావీదు ‘కొండల మీద కోరేను తరిమినట్టు’ అంటాడు. ఇందాక నన్ను పిలిచేవాడు అన్నారు కదా, ఆ పిలిచే పిట్టనే నేను అని చమత్కరిస్తున్నాడు. తెలుగులో ఈ శ్లేష రాదు, రావాలని పట్టుపట్టడమూ అన్యాయమే. కానీ పిట్ట మాత్రం సరైనది రావాలి. వచ్చింది.

కతోలికుల బైబిల్లో ఉండే సిరాకు గ్రంథం 11వ అధ్యాయంలో గర్విష్ఠి మనసును బుట్టలో పెట్టిన వేట కౌజుతో పోల్చారు. మాచర్ల తమ్ముడు చెప్పిన బుట్టే అది. రెండు వేల ఏళ్ల కిందట యూదయలో పెట్టిన బుట్ట, పల్నాడులో వాళ్ల పెదనాన్న పెట్టిన బుట్ట ఒకటే.

బోయిసీ, ఐడహో నుంచి:

గురువుగారూ, ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ టైము తేడా. దావీదు తిరిగిన కొండల్లో మన కౌజు లేదు. ఆ ప్రాంతంలో ఉండేవి చుకార్, ఇసుకనేల కౌజు అనే రెండు జాతులు. చుకార్ గురించి నేను కొంత చెప్పగలను, ఎందుకంటే మా ఆఫీసులో సగంమంది సెప్టెంబరు వస్తే దాని గురించే మాట్లాడతారు.

ఇక్కడ మెట్ట పిట్టల వేట అంటే పెద్ద పిచ్చి. దక్షిణ డకోటా వైపు ఫెజెంటు అంటే ప్రాణం పెడతారు. అదీ ఈ దేశపు పిట్ట కాదు, 1880ల మొదట్లో షాంఘైలో అమెరికా రాయబార ఉద్యోగి ఓవెన్ డెన్నీ చైనా నుంచి ఒరెగాన్‌కు పంపితే స్థిరపడింది. దక్షిణాది రాష్ట్రాల్లో బాబ్‌వైట్ క్వైలు, ఈశాన్యంలో రఫ్డ్ గ్రౌజు. మా ఐడహో, నెవాడా రాళ్లగుట్టల్లో మాత్రం చుకారే రాజు. దీనికీ మనకూ చుట్టరికం ఉంది. అమెరికాకు తొలిసారి 1893లో ఐదు జతలు వచ్చాయి, ఇల్లినాయికి. పంపింది కరాచీ నుంచి, అప్పటికి అది ఇండియానే కదా.

మాచర్ల అన్న చెప్పినదానికీ దీనికీ ఒకటే తేడా: ఇది పైకి ఉరుకుతుంది. గుట్ట కింద కనపడుతుంది, మీరు ఎక్కడం మొదలుపెడితే అది మీకంటే ముందు రాళ్ల మధ్యలోంచి ఎక్కేస్తుంది. ఆయాసపడుతూ పైకి చేరేసరికి రెక్కలు విప్పి మీ తల మీదుగా లోయ అవతలికి జారిపోతుంది. పోయి అక్కడ కూర్చుని అరుస్తుంది, చుక్-చుక్-చుకార్ అని. అది వెక్కిరింపే. ఇక్కడి వేటగాళ్లలో ఒక జోకు ఉంది: చుకార్ వేటకి మొదటిసారి సరదాకి వెళతారు, ఆ తర్వాత పగ తీర్చుకోవడానికి వెళతారు.

నేను తుపాకీ పట్టను. ఒకసారి కొలీగ్ వెంట ఊరికే నడవడానికి వెళ్లాను, మోకాళ్లు వారం దాకా నాతో మాట్లాడలేదు. కానీ ‘కొండలమీద తరిమినట్టు’ అనే మాట నాకు ఆ గుట్ట మీదే అర్థమైంది. అందుకే మాస్టారు చెప్పిన ‘పిచ్చుకపై బ్రహ్మాస్త్రం’ ఇక్కడ సరిపోదనుకుంటాను. బ్రహ్మాస్త్రం వేస్తే పిచ్చుక చస్తుంది. ఇక్కడ పిట్ట చావట్లేదు, రాజు అలిసిపోతున్నాడు.

కర్నూలు నుంచి:

బాగా పట్టుకున్నావయ్యా! దావీదు తనను తక్కువ చేసుకుంటున్నట్టు కనపడుతూనే రాజును దెప్పుతున్నాడు. దానికి మన దగ్గర ‘కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు’ ఉంది కానీ, అందులో ఎలుకైనా చేతికొస్తుంది. అయితే దావీదు మాటకు ఇంకో వైపు కూడా ఉంది. ఆ దేశంలో కౌజును మనుషులు వంతులవారీగా తరిమి, అలిసి ఇక ఎగరలేని స్థితికి తెచ్చి, కర్రలతో కొట్టేవారని 19వ శతాబ్దపు యాత్రికులు రాశారు. కాబట్టి అతనికి భయం లేదనుకోవద్దు. ఎన్నాళ్లో ఇలా తరిమితే దొరికిపోతాడు. 27వ అధ్యాయం మొదట్లోనే ఏదో ఒకరోజు సౌలు చేతిలో చస్తానని తనలో తాను అనుకుని, ఫిలిష్తీయుల దేశానికి పారిపోతాడు.

అదే వచనంలో మిన్నల్లి అనే మాటుంది, దాన్నీ పిల్లలకు చెప్పండి మాస్టారూ. మంచం నల్లి అనుకుంటారు. ఇది కుక్క ఒంటి మీద గెంతే పురుగు. అదీ పట్టబోతే దొరకదు.

చిత్తూరు నుంచి:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది క్వైలు ఫారమే. 1974లో కాలిఫోర్నియా నుంచి ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి ఈ జపాను పిట్టలు వచ్చాయని మాకు ట్రైనింగులో చెప్పారు. ఐదారు వారాలకు అమ్మకానికొస్తుంది, ఆరేడు వారాలకు గుడ్డు పెడుతుంది. అందరూ కౌజు అంటున్నారు, మేమూ కౌజు అంటున్నాం, బిల్లుల మీద కూడా అదే. పూరేడు అని బోర్డు పెడితే నా దగ్గరికి ఎవరు వస్తారు సార్? జనం నోట్లో ఉన్నదే మాట కదా.

కర్నూలు నుంచి:

మీ బోర్డు మార్చమని నేననను బాబూ. అడవి కౌజును పట్టడం మానేశాక ఆ పేరు ఖాళీగా పడి ఉంది, మీ పిట్ట వచ్చి కూర్చుంది. పేర్లకి అది మామూలే. నిజానికి పూరేడు కూడా ఒకచోట నిలకడగా లేదు. జెర్డన్ ఆ పేరును కాలికి మూడే వేళ్లుండే వేరే పిట్టకు రాసుకున్నాడు, దాంట్లో ఆడది పోట్లాడుతుంది, మగది గుడ్లు పొదుగుతుంది. నా గొడవల్లా పాత వాక్యాన్ని కొత్త అర్థంతో చదివితేనే. 

మీకు ఇంకో వచనం చెబుతాను, మీ అనుభవంతో మీరే తేల్చండి. యిర్మీయా 17:11లో, అన్యాయంగా ఆస్తి సంపాదించేవాణ్ణి తాను పెట్టని గుడ్లను పొదిగే కౌజుపిట్టతో పోల్చారు. మీ ఫారంలో కౌజు గుడ్లు పొదుగుతుందా?

చిత్తూరు నుంచి:

సార్, తాను పెట్టినవే పొదగదు! మా పిట్టలకు ఆ బుద్ధే లేదు, అంతా ఇంక్యుబేటరే. 17 రోజులకు పిల్ల వస్తుంది. సరే, ఒప్పుకున్నాను, ఆ కౌజు మా కౌజు కాదు. బోర్డు మాత్రం మార్చను.

మాచర్ల దగ్గర నుంచి:

మార్చొద్దులే అన్నా. మా ఊళ్లో ఇప్పుడు అసలు కౌజును చూసి పిల్లలు ‘నాటుకోడి పిల్ల’ అంటున్నారు.

నరసరావుపేట నుంచి:

అందరికీ ధన్యవాదాలు. వచ్చే ఆదివారం ఇదే పాఠం మళ్లీ చెబుతాను. మొదట కౌజు అరుపు ఫోన్లో వినిపించి, తర్వాత వచనం చదివిస్తాను. ఐడహో మిత్రుడు చుకార్ గుట్ట ఎక్కే వీడియో ఏదైనా ఉంటే పంపగలరా? ఫారం పిల్లాణ్ణి ముందు వరసలో కూర్చోబెడతాను.