చెస్‌లో కారో-కాన్ ఆడితే తెల్లవాడు నాలుగో ఎత్తుకే హెచ్4 తోస్తే పిల్లకి ఏం నేర్పాలి?

కిమిడి మావయ్య:
మాది పర్లాకిమిడి. మా మేనకోడలు ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. నల్లపావులొస్తే కారో-కాన్ అనే ఓపెనింగ్ (ఆట మొదలెట్టే పద్ధతి) తప్ప ఇంకోటి ముట్టుకోదు. మొన్న బరంపురం టోర్నమెంట్‌లో పెద్దవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేశారు, కాబట్టి ఆట నేను స్కోర్ షీట్‌లోనే చూశాను. ముందు తెల్ల ఎత్తు, తర్వాత నల్లది, పావు పేరు లేకపోతే బంటు: ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5 బిషప్ ఎఫ్5. అక్కడ తెల్లవైపు కుర్రాడు హెచ్4 తోశాడు.

జవాబుగా మా పిల్ల ఈ6 ఆడితే పని అయిపోయేది: జీ4, బిషప్ ఈ4, ఎఫ్3, బిషప్ జీ6, హెచ్5. బిషప్ గోవిందా! తనకి అది తెలుసు, హెచ్5 పెట్టింది. బిషప్ డీ3కి వస్తే మార్చుకుంది, తెల్ల క్వీన్ డీ3కి వచ్చింది. తను ఈ6 ఆడితే వాడు బిషప్ జీ5. ఆ ఎత్తు పక్కన పెన్సిల్‌తో రెండు ప్రశ్నార్థకాలు గీసుకొచ్చింది. అక్కణ్ణుంచి హెచ్5 బంటుకి కాపలా కాస్తూనే గడిపింది. ఎలాగో డ్రా.

కోచ్ సిసిలియన్ అనే ఇంకో ఓపెనింగ్‌కి మారమంటున్నారు. దాన్లో డ్రాగన్, నైడార్ఫ్ అని శాఖలు... అదో సముద్రం, పిల్లకి పరీక్షలే సరిపోతున్నాయి. హెచ్5 బదులు హెచ్6 ఆడొచ్చా?

రాయగడ ఏనుగు:
ఆడొచ్చు మావయ్యగారూ. కానీ జీ4 పడగానే బిషప్‌ని డీ7కే లాగాలి. హెచ్7లో దాచితే తెల్లవాళ్ళు ఈ6కి బంటు తోసి బలిచ్చి, మనం ఎఫ్ బంటుతో కొట్టగానే బిషప్ డీ3 అంటారు. బిషప్పులు మారితే తెల్ల క్వీన్ జీ6లో చెక్‌కి సిద్ధం. 1961 ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో తాల్ మీద బోట్విన్నిక్ కూడా డీ7కే వెళ్ళాడు. మ్యాచ్ 13–8తో బోట్విన్నిక్‌దే.

నన్నడిగితే హెచ్5 బంగారంలాంటి ఎత్తు. బిషప్ జీ5కి జవాబు క్వీన్ బీ6, ఆపైన సీ5తో డీ4ని కదపడం. కాపలా కాస్తూ కూర్చుంటే ఎవరికైనా ఊపిరాడదు.

జైపూర్ బంటు:
ఇంత గొడవెందుకండీ, మూడో ఎత్తుకే బిషప్ బదులు సీ5 తొయ్యమనండి. బిషప్ బయటికే రాదు, ఇంక తరిమేదేముంది? తెల్లవాడు ఆ బంటుని కొడితే మనం ఈ6. చదవాల్సింది తక్కువ. కాకపోతే తెల్లవాడు బిషప్ ఈ3 పెట్టి, గెలిచిన బంటుని పట్టుకు కూర్చుంటే మనకి ఓపిక కావాలి.

కిమిడి మావయ్య:
సీ5 చూపించాను. "బంటు పోతోంది కదా మావయ్యా" అని మూతి ముడిచింది. క్వీన్ బీ6 మీద మాత్రం మనసు పడింది. బీ2 బంటు తినెయ్యొచ్చా అని అప్పుడే అడుగుతోంది!

రాయగడ ఏనుగు:
తిననివ్వకండి. తెల్ల గుర్రం డీ2కి వచ్చాక బీ2 తింటే తెల్ల ఏనుగు (రూక్) బీ1. క్వీన్ ఏ2 కూడా తిన్నదనుకోండి, ఏనుగు నేరుగా బీ7లో దిగుతుంది. క్వీన్ బీ6 తర్వాత ముందు సీ5.