ఇంట్లో తుపాకులు శుభ్రం చేసేటప్పుడు మసి, నూనె, వాసన: ఎలా అదుపు చేయాలి?

ప్రశ్న (డాలస్ నుంచి)

మాది రెండు పడకగదుల అపార్ట్‌మెంటు. గ్యారేజీ లేదు, హాలంతా లేత రంగు కార్పెట్టే. షూటింగ్ రేంజ్ నుంచి వచ్చాక 9 ఎం.ఎం. పిస్తోలునూ, .22 బోల్ట్ రైఫిల్‌నూ భోజనాల బల్ల మీద వార్తాపత్రికలు పరిచి శుభ్రం చేస్తున్నాను. నూనె కాగితంలోంచి దిగి చెక్కకు పట్టుకుంటోంది. గొట్టంలోంచి బ్రష్ బయటపడిన ప్రతిసారీ నల్లటి తుంపరలు గోడ మీద పడుతున్నాయి, మసిని కరిగించే సాల్వెంట్ వాసన మరునాటికి గానీ పోవడం లేదు. మా పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది. మీరంతా ఈ పని ఎక్కడ, ఎలా చేసుకుంటున్నారో దయచేసి చెప్పండి.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

మరకల మాట తర్వాత చూద్దామండీ, ముందుగా ఆ పనిని భోజనాల బల్ల మీద నుంచి తప్పించండి. మీకు కనిపిస్తున్న ఆ నల్లటి మసిలో సీసం ఉంటుంది. చాలా తూటాల అడుగున నిప్పు రాజేసే ప్రైమర్లలో సీసపు సమ్మేళనం వాడతారు, పైగా .22 గుండ్లు ఎక్కువగా సీసంతోనే చేసినవి. పిల్లలకు ఇంత సీసం వరకు ఫరవాలేదు అనదగిన స్థాయి ఏదీ లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. రక్తంలో డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తపడాలని 2021లో ఆ ప్రమాణాన్ని తగ్గించింది కూడా. పాకే పిల్లలు నేలను తాకిన చేతులనే నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, కార్పెట్ ఉన్న గదిలో ఈ పని అసలు వద్దు.

బాల్కనీ ఉంటే అక్కడ చేసుకోండి. అంచులున్న పాత బేకింగ్ ట్రేను ఈ పనికే కేటాయించి, అందులో నూనె పీల్చని రబ్బరు చాప వేయండి. నైట్రైల్ గ్లవ్స్ తొడుక్కోండి. పని అయ్యాక ఆ చోటును చీపురుతో ఊడ్చకుండా, మామూలు వాక్యూమ్ కూడా పెట్టకుండా, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి. చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోండి. ఆ బట్టలను విడిగా ఉతకాలి. ఒకసారి పిల్లల వైద్యుడిని అడిగి పాపకు రక్తపరీక్ష చేయించడం మంచిది.

జవాబు (అట్లాంటా నుంచి)

తుంపరలకు ఖాళీ నీళ్ల సీసా చాలు. రైఫిల్ గొట్టాన్ని వెనుక నుంచి మూసే బోల్ట్ తీసేసి, శుభ్రం చేసే రాడ్‌ను చాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి పంపుతూ, గొట్టం చివరను సీసాలోకి దూర్చి ఉంచితే మసి గుడ్డముక్కా, చినుకులూ అందులోనే పడతాయి. మూతి ఇరుకైతే సీసాకు పక్కన రంధ్రం కోయండి. పిస్తోలు గొట్టాన్ని విడదీశాక దానికీ ఇదే పద్ధతి.

వాసన సంగతికి వస్తే, బ్రష్‌ను సాల్వెంట్‌లో ముంచకండి, గుడ్డముక్క మీద నాలుగైదు చుక్కలు వేస్తే సరిపోతుంది. నా అభిప్రాయంలో .22కు ప్రతిసారీ గొట్టం తోమనక్కరలేదు. తాడులాంటి బోర్‌స్నేక్‌ను ఒకటి రెండుసార్లు లాగి, బోల్ట్ తుడిస్తే చాలు. రేంజ్ వారు ఒప్పుకుంటే అక్కడే చేసి రండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చిన్న బాల్కనీ ఉంది, ఇకపై అక్కడే చేస్తాను. వానాకాలంలో స్నానాల గదిలో చేయవచ్చా? మిగిలిన సాల్వెంట్‌ను ఏం చేయాలి?

జవాబు (హ్యూస్టన్ నుంచి)

పాపకు స్నానం చేయించే చోట వద్దండీ, వాన తగ్గేదాకా ఆగండి. అంతవరకు పైపైన తుడిచి, పలుచగా నూనె రాసి, తాళం వేసిన పెట్టెలో ఉంచితే తుప్పు పట్టదు. సాల్వెంట్‌ను సింకులో పోయకుండా, మూత బిగించి, మీ నగరంలో ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. బాల్కనీలో కూర్చునే ముందు తూటాలు నింపే మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కళ్లతోనూ, వేలితోనూ చూసుకోండి. తూటాలు మాత్రం మరో గదిలో ఉండాలి.