కళాశాలలో చదివిన కంప్యూటర్ నెట్‌వర్క్స్ ఉద్యోగానికి సరిపోతుందా?

కాకినాడ_ఈసీఈ: నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సిస్కో సంస్థ ఇచ్చే నెట్‌వర్కింగ్ ధ్రువపత్రం సీసీఎన్‌ఏ పరీక్షను ఇప్పుడే రాయాలా, చదువు పూర్తయ్యాక రాయాలా? శిక్షణకు అమీర్‌పేట వెళ్లక తప్పదా? ఈ రంగంలో రాత్రి షిఫ్టులు ఎన్నేళ్లు చేయవలసి వస్తుంది?

నిద్రలేని_రౌటర్: నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్‌ఐ నమూనాలోని ఏడు పొరలను వరుస తప్పకుండా ఒప్పజెప్పి మంచి మార్కులు తెచ్చుకున్న నేను, బ్రౌజరులో చిరునామా కొట్టాక ఏమి జరుగుతుందని మొదటి ఇంటర్వ్యూలో అడిగితే పేరును ఐపీ చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే ఆగిపోయాను. మా ల్యాబులో రికార్డులు రాశామే గాని నెట్‌వర్క్ స్విచ్చును ముట్టుకోలేదు. నెట్‌వర్కులో వెళ్లే ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ తెరిచి, రెండు కంప్యూటర్లు సంభాషణ మొదలుపెట్టే టీసీపీ హ్యాండ్‌షేక్‌లోని మూడు ప్యాకెట్లను మీ కళ్లతో మీరే చూడండి.

సబ్‌నెట్_శాస్త్రి: ముందు సబ్‌నెటింగ్, అంటే నెట్‌వర్కును చిన్న భాగాలుగా (సబ్‌నెట్‌లుగా) విడదీసే లెక్క, నోటికి రావాలి. స్లాష్ 26 (64 చిరునామాల సబ్‌నెట్) అనగానే 62 హోస్టులు (పరికరాలు) అని చెప్పగలగాలి. ఏ సబ్‌నెట్‌లోనైనా రెండు చిరునామాలు తీసివేయాలన్నది మార్పులేని నియమం.

లింకు_మనిషి: మార్పులేనిదని ఎవరన్నారండీ? రెండు రౌటర్ల మధ్య లింకుకు రెండే చిరునామాలుండే స్లాష్ 31 ఇచ్చి ఆ రెండింటినీ వాడుకోవచ్చని 2000లోనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3021 చెప్పింది. మేము రోజూ వాడుతున్నాం.

సబ్‌నెట్_శాస్త్రి: పదకొండేళ్లుగా పాఠం చెబుతున్నాను. సెమిస్టరు పరీక్షలో స్లాష్ 31కు హోస్టులు సున్నా అని రాస్తేనే మార్కు పడుతుంది.

లింకు_మనిషి: పేపరు దిద్దేవారి కోసం ప్యాకెట్లు ఆగవు. సబ్‌నెట్‌ల సంఖ్యలోంచి కూడా రెండు తీసివేసే పాత అలవాటును మీరు ఇంకా నేర్పుతున్నారేమోనని నా అనుమానం.

సబ్‌నెట్_శాస్త్రి: నేను హోస్టుల మాట చెబుతుంటే మీరు సబ్‌నెట్‌ల మీదికి దూకుతున్నారు. అనుమానాలతో గురువులను అవమానించకండి.

మైత్రీవనం_పాత_కాపు: నేను సీసీఎన్‌ఏ పాత పరీక్ష 640-802 రాసిన రోజుల్లో ఇరుకు గదిలో నలభై మందికి రెండే రౌటర్లు ఉండేవి. ఇప్పుడు రౌటర్లను కంప్యూటరులోనే అనుకరించే ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతోంది కనుక అమీర్‌పేట గది అద్దె మిగుల్చుకోండి. 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తున్న సీసీఎన్‌ఏ పరీక్ష 200-301లో ఆటోమేషన్ కూడా ఉంది. ధ్రువపత్రం మూడేళ్లే చెల్లుతుంది కనుక, నాలుగో సంవత్సరం మొదట్లో రాయడం మేలని నా అభిప్రాయం.

కాకినాడ_ఈసీఈ: ధన్యవాదాలు. రాత్రి షిఫ్టుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నిద్రలేని_రౌటర్: నాకు ఇది నాలుగో ఏడు, ఇదీ షిఫ్టులోనే రాస్తున్నాను. ఇప్పుడే ఒక లింకు పడిపోయింది, మిగతాది తెల్లవారాక చెబుతాను.