సోయా కొవ్వొత్తుల మీద తెల్లపూత: లోపమా, లక్షణమా?

పద్మ_ఖమ్మం: దీపావళికి 40 గాజు గ్లాసుల్లో సోయా మైనం పోశాను. ఎర్ర రంగు కలిపినవాటి మీద రెండో రోజుకే బూజు పట్టినట్టు తెల్లపూత వచ్చింది. రంగు కలపనివి బాగానే ఉన్నాయి. కొన్నావిడ "పాత సరుకు అంటగట్టావు" అని తొమ్మిది తిరిగి ఇచ్చేసింది. తప్పెక్కడ జరిగింది?

మైనం_మామ: మీ తప్పేం లేదమ్మా. దీన్ని ఫ్రాస్టింగ్ అంటారు. డాల్డా చేసినట్టే సోయా నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి ఈ మైనం చేస్తారు. నెయ్యి పూస కట్టినట్టు ఇదీ కడుతుంది. రంగు లేనివాటి మీదా ఉంటుంది, తెలుపులో తెలుపు కాబట్టి కనపడదంతే. అసలు సోయాకి అదే గుర్తు.

గాజులవత్తి: చేతకానితనానికి ముద్దుపేరు! పద్మగారూ, పోసినప్పుడు ఫ్యాన్ తిరుగుతోందా?

పద్మ_ఖమ్మం: ఫుల్ స్పీడులో.

గాజులవత్తి: ఇంకేం మరి. గ్లాసులు గోరువెచ్చగా చేసి, దూరదూరంగా పెట్టి, 55–60 డిగ్రీల్లో పోసి ఫ్యాన్ ఆపండి. నిదానంగా చల్లారాలి.

వంటింటి_రాణి: ఫ్యాన్ ఆపితే మా అత్తగారు నన్ను ఇంట్లో ఉండనివ్వరు.

సందేహం_సారు: నెయ్యి నిదానంగా పేరుకుంటేనే కదా పూస కట్టేది? మరి ఇది ఉల్టా ఎందుకు?

మైనం_మామ: పోలిక కోసం చెప్పాను సారూ, నెయ్యి వదిలేయండి. నిదానంగా చల్లారిస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు.

సందేహం_సారు: పోలిక తప్పని ఒప్పుకోండి ముందు.

గాజులవత్తి: పూర్తిగా పోతుంది. మూడేళ్లుగా ఎర్రవి అమ్ముతున్నాను, ఒక్కదానికీ పూత లేదు.

మైనం_మామ: ఒక్కదానికీ లేదా? పారాఫిన్, అదే పెట్రోలియం మైనం, ఎంత కలుపుతున్నావమ్మాయ్?

గాజులవత్తి: అమ్మాయ్ గిమ్మాయ్ అనొద్దు. నాలుగో వంతు కలుపుతాను, అయితే ఏంటి? ఉత్త సోయా మే నెలలో పంపితే కొరియర్ దారిలోనే కరిగి 60 డబ్బాలు వెనక్కొచ్చాయి. ఆ డబ్బు మీరిచ్చారా?

మైనం_మామ: కలపడం తప్పనలేదు. డబ్బా మీద ఏమని రాస్తున్నారు?

గాజులవత్తి: అందరూ రాసేదే. నూరు శాతం సోయా.

పద్మ_ఖమ్మం: అంటే మీలాంటివాళ్ల నున్నటి సరుకు చూసి అలవాటుపడే ఆవిడ నావి పాతవనుకుంది! రెండు రోజులుగా నిద్రలేదు నాకు, నా చేతిలోనే ఏదో లోపమని. ఆ తొమ్మిదీ అటక మీద పెట్టాను.

మైనం_మామ: దించండి. హెయిర్ డ్రయర్‌తో పైపొర కరిగిస్తే కొన్నాళ్లు నున్నగా కనిపిస్తాయి. తర్వాత మళ్లీ రావచ్చు.

పద్మ_ఖమ్మం: వద్దులెండి, ఇంట్లో వెలిగిస్తాను. ఇకమీదట రంగు కలపను. గాజులవత్తి గారూ, మీ డబ్బా మీద రాత మారుస్తారా?

వంటింటి_రాణి: నిమ్మగడ్డి నూనె కిలోకి ఎంత వేయాలి?